పాకినా నయమయ్యే క్యాన్సర్: జెర్మ్ సెల్ ట్యూమర్ చికిత్సలో ఏది ముందు, ఏది వెనక

పలమనేరులోనో పుత్తూరులోనో ఇరవై రెండేళ్ల కుర్రాడికి దగ్గు తగ్గడం లేదని ఎక్స్‌రే తీస్తారు. ఊపిరితిత్తుల నిండా గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. "క్యాన్సర్, అప్పుడే పాకింది" అన్న మాట చెవిన పడగానే ఇంట్లోవాళ్లు సగం ఆశ వదిలేసుకుంటారు. చాలా క్యాన్సర్ల విషయంలో ఆ భయానికి ఆధారం ఉంది. కానీ బీజకణాల నుంచి పుట్టే కణుతులు, అంటే జెర్మ్ సెల్ ట్యూమర్ల లెక్క వేరు. ఊపిరితిత్తులకు పాకాక కూడా ఎక్కువమందికి పూర్తిగా నయమవుతుంది. నయం అంటే కొన్నాళ్లు ఆయుష్షు పెరగడం కాదు, జబ్బు పోయి పెళ్లి, ఉద్యోగం, ముసలితనం అన్నీ చూడటం.

ఈ మాట అనగలగడానికి కారణం ఒక్క మందు. 1965లో అమెరికాలో బార్నెట్ రోసెన్‌బర్గ్ బ్యాక్టీరియా మీద విద్యుత్ ప్రభావాన్ని పరీక్షిస్తూ ప్లాటినం సమ్మేళనాల శక్తిని గమనించారు. 1974లో ఇండియానా యూనివర్సిటీలో లారెన్స్ ఐన్‌హార్న్ ఆ సమ్మేళనాన్ని, సిస్‌ప్లాటిన్‌ను, పాకిన వృషణ క్యాన్సర్‌కు మరో రెండు మందులతో కలిపి ఇచ్చారు. అంతకుముందు పదిమందిలో ఒకరు దక్కడం గగనమైన జబ్బు దారి మళ్లింది. యువరాజ్ సింగ్‌కు ఛాతీ మధ్యలో వచ్చింది ఈ కుటుంబంలోని రెండు పెద్ద రకాల్లో ఒకటైన సెమినోమానే (మిగతావన్నీ నాన్ సెమినోమా). 2012 మొదట్లో కీమో తీసుకుని, అదే ఏడాది సెప్టెంబర్‌లో మళ్లీ భారత జట్టు తరఫున ఆడాడు.

మరి ఇంత మంచి మందులు ఉండగా ప్రాణాలు ఎందుకు పోతున్నాయి? ఆలస్యంగా రావడం ఒక కారణం. రెండోది, అంతకన్నా బాధ కలిగించేది, చికిత్స వరస తప్పడం. తప్పుడు చోట కోత పెట్టడం, కోతకు ముందు రక్తపరీక్ష పంపకపోవడం, మందు మార్చడం, కీమో రోజులు జరపడం, మిగిలిన గడ్డను అలాగే వదిలేయడం. ఈ జబ్బు మన దేశంలో అరుదు, లక్షమంది మగవాళ్లలో ఏటా ఒక్కరికి కూడా రాదు. కాబట్టి ఊళ్లో మంచి పేరున్న సర్జన్ కూడా తన వృత్తి మొత్తంలో చూసేది కొద్దిమందినే. అందుకే ఈ వరస రోగికీ ఇంట్లోవాళ్లకూ కూడా తెలిసి ఉండాలి.

ఎక్కడ మోసపోతాం

వృషణంలో వచ్చే గడ్డ తరచుగా నొప్పి పెట్టదు. గట్టిగా, బరువుగా తగులుతుంది. సిగ్గుతో కుర్రాళ్లు నెలల తరబడి నోరు విప్పరు. విప్పినా "వరిబీజం అయ్యుంటుందిలే" అని పెద్దవాళ్లు తేల్చేస్తారు. కొన్నిసార్లు ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ ఇస్తారు. అందులో తప్పు లేదు. రెండు వారాల్లో పూర్తిగా తగ్గకపోతే అల్ట్రాసౌండ్ తీయకపోవడమే తప్పు. అసలు గడ్డకు తోడు చుట్టూ నీరు కూడా చేరవచ్చు కాబట్టి, నీరు కనిపించింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

పాకే దారి తెలిస్తే మిగతా లక్షణాలు అర్థమవుతాయి. పిండ దశలో వృషణాలు కిడ్నీల దగ్గర పుట్టి కిందికి దిగుతాయి. వాటి రక్తనాళాలూ లింఫ్ నాళాలూ పైనుంచే వస్తాయి. అందువల్ల జబ్బు పాకినప్పుడు మొదట బిళ్లలు (ఉబ్బిన లింఫ్ గ్రంథులు) కట్టేది గజ్జల్లో కాదు, కడుపు వెనక వెన్నెముకను ఆనుకుని ఉండే పెద్ద రక్తనాళాల చుట్టూ. బరువు ఎత్తింది లేదు, బండి మీద నుంచి పడింది లేదు, అయినా రాత్రుళ్లు నిద్ర లేపే నడుము నొప్పి పాతికేళ్లవాడికి వస్తే, కట్టు కట్టించుకోవడానికో నొప్పి ఇంజెక్షన్‌కో వెళ్లే ముందు వృషణాలు పరీక్ష చేయించుకోవాలి. అక్కడి నుంచి ఎడమ మెడ కింది బిళ్లలకు, ఊపిరితిత్తులకు, ఇంకా ముదిరితే కాలేయానికి, ఎముకలకు, మెదడుకు పోతుంది.

మన ప్రాంతంలో పెద్ద ఉచ్చు టీబీ. మెడ బిళ్ల, ఊపిరితిత్తుల మచ్చలు, ఛాతీ మధ్య గడ్డ, బరువు తగ్గడం, ఈ నాలుగూ రెండు జబ్బుల్లోనూ ఉంటాయి. కళ్లెలో క్రిమి దొరకకుండా, బిళ్ల ముక్క తీసి చూడకుండా "టీబీలాగే ఉంది" అని మందులు మొదలుపెడితే విలువైన నెలలు పోతాయి. నలభై ఏళ్లలోపు మగవాడికి ఇలాంటి చిత్రం కనిపించినప్పుడు ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ అనే రెండు రక్తపరీక్షలు, వృషణాల అల్ట్రాసౌండ్ చేయిస్తే సంగతి తేలిపోతుంది. మగపిల్లవాడికి రొమ్ములు ఉబ్బి సలుపుతున్నా ఇదే పరీక్ష. హెచ్‌సీజీ గర్భిణుల్లో పెరిగే హార్మోనే. ఈ కణుతుల్లో కొన్ని దాన్ని విడుదల చేస్తాయి. చిన్నప్పుడు వృషణం సంచిలోకి దిగనివాళ్లకు, ఆపరేషన్‌తో దించినవాళ్లకు కూడా, ముప్పు మామూలు కన్నా ఎక్కువ.

కోత గజ్జలోనే

అల్ట్రాసౌండ్‌లో వృషణం లోపల గట్టి గడ్డ కనిపిస్తే తర్వాతి అడుగు సూది గుచ్చడం కాదు. సంచి మీద కోత పెట్టడమూ కాదు. గజ్జలో కోత పెట్టి, వృషణాన్ని దాని తాడుతో సహా పైకి లాగి, తాడును కడుపు లోపలికి పోయే ద్వారం దగ్గర కట్టి మొత్తం తీసేస్తారు. వృషణం లింఫ్ కడుపు వెనక్కి పోతే, సంచి చర్మం లింఫ్ గజ్జల్లోకి పోతుంది. సంచిలో కోత పెట్టినా, సూది గుచ్చినా, జబ్బుకు లేని కొత్త దారి మనమే తెరిచిపెట్టినట్టు. వరిబీజం ఆపరేషన్ అని సంచి తెరిచి, లోపల గడ్డ చూసి ఆశ్చర్యపోయే సందర్భాలు ఇప్పటికీ ఉన్నాయి. అలా జరిగితే ఆశ పోయినట్టేమీ కాదు. కానీ ఆ సంగతి డిశ్చార్జ్ కాగితంలో దాచకుండా రాయించుకోవాలి. తర్వాత చూసే డాక్టరు ఆ మచ్చనూ గజ్జలనూ కూడా లెక్కలోకి తీసుకోవాల్సి ఉంటుంది.

ఒక మినహాయింపు ఉంది. ఆయాసంతో, దగ్గులో రక్తంతో, హెచ్‌సీజీ అంకె ఆకాశంలో ఉండగా వచ్చినవాడికి ఆపరేషన్ కోసమో బయాప్సీ రిపోర్టు కోసమో వారం ఆగకూడదు. మార్కర్లు (ఆ రక్తపరీక్షల అంకెలు), స్కాన్ చాలు, కీమో వెంటనే మొదలుపెట్టవచ్చు. అప్పుడు కూడా ఒకేసారి పూర్తి మోతాదు ఇస్తే ఊపిరితిత్తుల్లోని గడ్డల నుంచి రక్తస్రావమై ప్రమాదం ముంచుకొస్తుంది కాబట్టి, అనుభవం ఉన్నవాళ్లు మొదట రెండు మూడు రోజుల చిన్న కోర్సు ఇచ్చి తర్వాత పూర్తి కోర్సులోకి వెళతారు. వృషణాన్ని తర్వాతైనా తీయాల్సిందే, ఎందుకంటే కీమో వృషణం లోపలికి సరిగా చేరదు.

మూడు అంకెలు

ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్. మార్కర్లు అనే రక్తపరీక్షలు ఇవే. ఈ జబ్బులో స్కాన్‌కు ఎంత విలువో వీటికీ అంతే. వృషణం తీసే ముందు ఒకసారి, తీసిన తర్వాత మళ్లీ, కీమో మొదలుపెట్టే రోజున ఒకసారి, ప్రతి సైకిల్ (21 రోజుల కీమో విడత) మొదట్లో ఒకసారి చూడాలి. ఆపరేషన్‌కు ముందు రక్తం పంపడం మరిచిపోతే ఆ అంకె ఇక ఎన్నటికీ దొరకదు. ఐదు నిమిషాల పని, దీనికి సాకు లేదు.

వీటిని చదవడంలో మెలకువలు ఉన్నాయి. ఏఎఫ్‌పీ సగానికి తగ్గడానికి 5 నుంచి 7 రోజులు పడుతుంది, హెచ్‌సీజీకి ఒకటి నుంచి మూడు రోజులు. ఆపరేషన్ రోజున ఏఎఫ్‌పీ 800 ఉందనుకుందాం. వారానికి 400 దగ్గరకు, రెండు వారాలకు 200 దగ్గరకు రావాలి. రెండు వారాలకు 600 దగ్గరే ఆగిందంటే, స్కాన్ శుభ్రంగా ఉన్నా ఎక్కడో జబ్బు మిగిలే ఉంది. అలాగే బయాప్సీ రిపోర్టులో శుద్ధ సెమినోమా అని ఉండి ఏఎఫ్‌పీ పెరిగి ఉంటే, రిపోర్టును కాదు, రక్తాన్ని నమ్మాలి. సెమినోమా ఏఎఫ్‌పీని తయారు చేయదు. దాన్ని నాన్ సెమినోమాగానే చూడాలి.

ల్యాబ్ కాగితం మీద యూనిట్లు చూసుకోవాలి. కొన్ని ల్యాబ్‌లు ఏఎఫ్‌పీని నానోగ్రాముల్లో, కొన్ని అంతర్జాతీయ యూనిట్లలో ఇస్తాయి. ఒక యూనిట్ సుమారు 1.2 నానోగ్రాములు. చిత్తూరులో ఒక ల్యాబ్, వేలూరులో ఇంకో ల్యాబ్ అని మారుస్తూ పోతే, పెరిగిందో తగ్గిందో తెలియక తికమక తప్పదు, అన్నిసార్లూ ఒకే ల్యాబ్‌లో చేయించడం మేలు. "1000 కన్నా ఎక్కువ" అని రిపోర్టు వస్తే ఊరుకోకూడదు, రక్తాన్ని పలచన చేసి అసలు అంకె ఇమ్మని అడగాలి. హెచ్‌సీజీ మరీ విపరీతంగా ఉన్నప్పుడు యంత్రం తప్పుగా తక్కువ చూపించడం కూడా జరుగుతుంది, దానికీ విరుగుడు రక్తాన్ని పలచన చేయడమే. కామెర్లు, కాలేయం వాపు వల్ల ఏఎఫ్‌పీ కొంచెం పెరగవచ్చు. టెస్టోస్టెరాన్ తగ్గినవాళ్లలో హెచ్‌సీజీ కొద్దిగా ఉన్నట్టు భ్రమ కలగవచ్చు. చిన్న అంకెలకు కంగారుపడి కీమో మొదలుపెట్టకుండా మళ్లీ చేయించి చూడాలి. కీమో మొదలైన మొదటి వారంలో అంకెలు ఒక్కసారి ఎగసి తర్వాత పడిపోవడం మామూలే, మందు పనిచేయడం లేదని దానర్థం కాదు.

ఏ గుంపు

స్టేజీ కన్నా ఇక్కడ గుంపు ముఖ్యం. 1997లో వచ్చిన అంతర్జాతీయ వర్గీకరణే ఇప్పటికీ ఆధారం. నాన్ సెమినోమాలో ఏఎఫ్‌పీ 1000 లోపు, హెచ్‌సీజీ 5000 లోపు, ఎల్‌డీహెచ్ మామూలు పరిమితికి ఒకటిన్నర రెట్ల లోపు ఉండి, జబ్బు బిళ్లల్లోనూ ఊపిరితిత్తుల్లోనూ మాత్రమే ఉంటే మంచి గుంపు. ఏఎఫ్‌పీ 10,000 దాటినా, హెచ్‌సీజీ 50,000 దాటినా, ఎల్‌డీహెచ్ పది రెట్లు దాటినా, కాలేయం, ఎముక, మెదడు లాంటి చోట్లకు పోయినా, అసలు గడ్డ ఛాతీ మధ్యలోనే పుట్టినా కష్టమైన గుంపు. మధ్యలో ఉన్నవి మధ్యస్థం. సెమినోమాలో కష్టమైన గుంపే లేదు, ఛాతీలో పుట్టినా సరే. గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఈ లెక్కకు వాడాల్సింది వృషణం తీయకముందు అంకెలు కావు, కీమో మొదలుపెట్టే రోజు అంకెలు.

2021లో వేలమంది రోగుల వివరాలతో ఈ లెక్కను సరిచూశారు. నాన్ సెమినోమాలో ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు మంచి గుంపులో 96 శాతం, మధ్యస్థంలో 89 శాతం, కష్టమైన గుంపులో 67 శాతం. చివరి అంకెను మరోసారి చదవండి. కాలేయానికీ ఎముకలకూ పాకినవాళ్లను కూడా కలుపుకుని ముగ్గురిలో ఇద్దరు. "ఇంటికి తీసుకెళ్లండి" అనే మాట ఈ జబ్బులో తొందరపడి అనకూడనిది.

కీమోకు ముందు ఒక రోజు

వీర్యం దాచుకోవడం గురించి ఎవరూ ఎత్తరు. తల్లిదండ్రుల ముందు కుర్రాడు అడగలేడు, పిల్లాడి ముందు వాళ్లు అడగలేరు. డాక్టరు అందరినీ బయటికి పంపి అతనితో ఒంటరిగా మాట్లాడాలి. లేదంటే బావో మేనమామో ఎవరో ఒకరు చొరవ తీసుకోవాలి. ఒక్క నమూనా దాచినా ఇప్పటి పద్ధతుల్లో సరిపోతుంది, రెండు రోజుల ఎడంతో రెండోది ఇవ్వగలిగితే ఇంకా మంచిది. వీలైతే వృషణం తీయకముందే చేయాలి, లేకపోతే కీమోకు ముందు రోజైనా సరే. ముందుగా హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు అడుగుతారు. కీమో తర్వాత చాలామందిలో ఒకటి రెండేళ్లలో వీర్యకణాలు తిరిగి వస్తాయి, అందరికీ రావు. ఆయాసంతో ఉన్నవాడికి మాత్రం దీని కోసం కీమో ఆపకూడదు.

బీఈపీ: అంకెలతో సహా

మూడు మందులు. బ్లియోమైసిన్, ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్. మంచి గుంపుకు మూడు సైకిళ్లు, బ్లియోమైసిన్ ఇవ్వలేని పరిస్థితి ఉంటే మిగతా రెండింటితో నాలుగు సైకిళ్లు. మధ్యస్థ, కష్టమైన గుంపులకు నాలుగు సైకిళ్ల బీఈపీ. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్లకు, ఛాతీ గడ్డకు తర్వాత ఆపరేషన్ అవసరమయ్యేవాళ్లకు బ్లియోమైసిన్ బదులు ఐఫాస్ఫమైడ్ ఉన్న వీఐపీ కోర్సు ఇస్తారు.

170 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువున్నవాడి శరీర ఉపరితలం సుమారు 1.7 చదరపు మీటర్లు. ఎటోపోసైడ్ చదరపు మీటరుకు 100 మిల్లీగ్రాములు, అంటే రోజుకు 170, ఐదు రోజులు. సిస్‌ప్లాటిన్ చదరపు మీటరుకు 20, అంటే రోజుకు 34 మిల్లీగ్రాములు, అదే ఐదు రోజులు. బ్లియోమైసిన్ ఎవరికైనా ఒకే మోతాదు, 30 యూనిట్లు, 1వ, 8వ, 15వ రోజుల్లో. మన దగ్గర 15 యూనిట్ల సీసాలు దొరుకుతాయి కాబట్టి రెండు సీసాలు. 22వ రోజు తర్వాతి సైకిల్‌కు మొదటి రోజు. ఎటోపోసైడ్‌ను అర లీటరు సెలైన్‌లో కలిపి గంటసేపు ఎక్కించాలి. తొందరపడితే బీపీ పడిపోతుంది, తక్కువ నీళ్లలో కలిపితే మందు గడ్డకట్టి అడుగున పేరుకుంటుంది.

ఇక్కడే మూడు చోట్ల కాలు జారుతుంది.

మొదటిది, సిస్‌ప్లాటిన్ బదులు కార్బోప్లాటిన్. ఒక్క రోజులో ఎక్కించేయవచ్చు, వాంతులు తక్కువ, సెలైన్ బాటిళ్ల గొడవ లేదు. చూడటానికి అన్నివిధాలా సుఖం. కానీ మంచి గుంపు నాన్ సెమినోమా రోగుల మీదే రెండింటినీ పోల్చి చూసి 1997లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో, ఏడాది తిరిగేసరికి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు సిస్‌ప్లాటిన్‌తో 91 శాతం, కార్బోప్లాటిన్‌తో 77 శాతం. నూటికి పద్నాలుగు మంది తేడా. పాకిన జబ్బుకు మొదటి చికిత్సలో "కిడ్నీకి మంచిది కదా" అని ఈ మార్పు చేయబోతే, రోగి తరఫువాళ్లు ఆగి ఇంకో ఆంకాలజిస్టును అడగాలి.

రెండోది, రోజులు జరపడం. 21 రోజులంటే 21 రోజులే. పండగనో, తిరునాళ్లనో, ఇంట్లో పెళ్లనో, బెడ్ దొరకలేదనో వారం వాయిదా వేస్తే చచ్చిన కణాల స్థానంలో బతికిన కణాలు పెరుగుతాయి. ఆపడానికి న్యాయమైన కారణాలు కొన్నే. జ్వరం ఉండటం, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు మరీ అడుగంటడం, ప్లేట్‌లెట్లు లక్ష లోపు ఉండటం. అంతే. తెల్లకణాలు కాస్త తగ్గాయని మోతాదు కోయడం కన్నా, వాటిని పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్లు ఇచ్చి మోతాదు నిలబెట్టడమే సరైన పని.

మూడోది, 8వ, 15వ రోజుల బ్లియోమైసిన్ ఎగ్గొట్టడం. ఆ రోజుల్లో రక్తకణాల కౌంట్లు సరిగ్గా అడుగున ఉంటాయి. అది చూసి "ఈ వారం వద్దులే" అంటారు. బ్లియోమైసిన్ ఎముక మజ్జను పెద్దగా తగ్గించదు, జ్వరం లేకపోతే కౌంట్ తక్కువున్నా ఇవ్వవచ్చు. ఒక్క ఇంజెక్షన్ కోసం మదనపల్లె నుంచి మళ్లీ తిరుపతి రావడం భారమే. అయినా రావాలి. ఆ ఇంజెక్షన్ ఇచ్చిన సాయంత్రం చలీ జ్వరం వచ్చి పారాసిటమాల్‌తో తగ్గడం చాలామందిలో ఉంటుంది. అయినా కౌంట్లు పడిపోయే రోజుల్లో ఆ జ్వరాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు, ఆ సంగతి కింద ఉంది.

బ్లియోమైసిన్‌లో భయపడాల్సింది ఊపిరితిత్తుల గురించి. పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, వీపు వైపు అడుగున చిటచిట చప్పుడు వస్తే ఆ మందు అక్కడితో ఆపేయాలి. సిగరెట్టు తాగేవాళ్లకు, నలభై దాటినవాళ్లకు, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు ముప్పు ఎక్కువ. అందుకే సిగరెట్టు ఆ రోజే మానాలి.

ఇంట్లో చూసుకోవాల్సినవి

సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద, చెవుల మీద పనిచేస్తుంది. ఆసుపత్రిలో రోజుకు రెండు మూడు లీటర్ల సెలైన్, దానితోపాటు మెగ్నీషియం, పొటాషియం ఎక్కిస్తారు. అసలు పరీక్ష ఇంటికి వెళ్లాక మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వాంతులతో రెండు రోజులు నీళ్లు తాగకపోతే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి తర్వాతి సైకిల్ ఆగిపోతుంది. రోజుకు మూడు లీటర్లు తాగాలి, మూత్రం లేత రంగులో రావాలి. తాగిందంతా కక్కేస్తుంటే సెలైన్ కోసం ఆసుపత్రికి రావాలి, రేపు చూద్దామని ఉండకూడదు.

ఐదు రోజుల సిస్‌ప్లాటిన్‌లో వాంతులు మూడో రోజు నుంచి, ఇంటికి వెళ్లిన తర్వాత ఇంకో నాలుగు రోజులు బాధపెడతాయి. ఒండాన్‌సెట్రాన్ ఒక్కటీ చాలదు. అప్రెపిటెంట్, డెక్సామెథాసోన్, రాత్రిపూట ఒలాన్జపిన్ చేర్చాలి. ఒలాన్జపిన్ చీటీ చూసి మెడికల్ షాపులో "ఇది మెంటల్ మాత్ర కదా" అంటే చాలామంది మానేస్తారు. మానవద్దు, చిన్న మోతాదులో అది వాంతులకు మంచి మందు. తిండి విషయంలో పెద్ద పథ్యం లేదు. రాగి సంగటి, పప్పు, గుడ్డు, వండిన కూరలు, ఇంట్లో తోడేసిన పెరుగు అన్నీ తినొచ్చు. బయట కోసి పెట్టిన పండ్లు, పానీపూరి, చెరుకురసం వద్దు. ఆకుపసర్లు, లేహ్యాలు ఈ మూడు నెలలూ పూర్తిగా పక్కన పెట్టాలి.

నడుము నొప్పికి డైక్లోఫినాక్ వేసుకోకూడదు, సిస్‌ప్లాటిన్‌తో కలిస్తే కిడ్నీకి దెబ్బ. అంతకన్నా ముఖ్యం జ్వరం. సైకిల్‌లో ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ తాకిందంటే, పగలైనా రాత్రైనా బండెక్కాల్సిందే. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర ఒక ఇంజెక్షన్ వేయించుకుని పడుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. కౌంట్ లేనప్పుడు జ్వరం ఒక్కటే గుర్తు, చీమూ వాపూ కనిపించవు. ఆసుపత్రి చేరిన గంటలోపు బలమైన యాంటీబయాటిక్ నరంలో పడాలి. అమికాసిన్, జెంటామైసిన్ లాంటివి వీలైనంతవరకు వద్దు, అవి సిస్‌ప్లాటిన్ దెబ్బ తగిలే చోటే మళ్లీ దెబ్బ కొడతాయి. కీమో పేరు, తేదీ, "ఈ మందులు వద్దు" అన్న జాబితా ఒక అట్ట మీద రాసి జేబులో ఉంచుకుంటే, అర్ధరాత్రి కొత్త డాక్టరుకు అదే దారి చూపిస్తుంది. కాలు ఒకవైపు వాచినా, ఒక్కసారిగా ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, దానికీ ఇదే తొందర.

రెండు మూడు వారాల్లో జుట్టు రాలుతుంది, తిరిగి వస్తుంది. చాలామంది ఇళ్లలో కొండకు తలనీలాల మొక్కు ఉంటుంది. కీమో మొదలు కాకముందు కల్యాణకట్టలో ఇచ్చేస్తే ఏ ఇబ్బందీ లేదు. కౌంట్లు పడిపోయిన వారంలో మాత్రం కత్తి గాట్లు, క్యూ కాంప్లెక్సు రద్దీ రెండూ ప్రమాదం. కోర్సు ముగిసి కౌంట్లు నిలబడ్డాక కుటుంబంతో తీరిగ్గా వెళ్లొచ్చు. ఒళ్లు దురద పెడితే గోళ్లతో గీరకూడదు, బ్లియోమైసిన్ వల్ల ఆ గీతలు నల్లగా చాలాకాలం మిగిలిపోతాయి.

మార్కర్లు మామూలయ్యాయి, గడ్డ మిగిలింది

చికిత్స సగంలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. రక్తం బాగుంది, మనిషి బాగున్నాడు, స్కాన్‌లో కడుపు వెనక మూడు సెంటీమీటర్ల గడ్డ ఉంది. "కరిగిపోతుందిలే" అని ఇంటికి వెళ్లిపోతారు.

నాన్ సెమినోమాలో ఒక సెంటీమీటరు మించి మిగిలిన గడ్డను తీసేయాలి, కీమో అయిన రెండు నెలల లోపు. తీసి చూస్తే దాదాపు సగం మందిలో చచ్చిన కణజాలమే ఉంటుంది. ఓ 40 శాతం మందిలో టెరటోమా అనే రకం గడ్డ, మిగిలిన కొద్దిమందిలో బతికున్న క్యాన్సర్. ఏది ఉందో స్కాన్ చెప్పలేదు, చక్కెరను పీల్చే కణాలను వెలిగించి చూపే పెట్ స్కాన్ కూడా చెప్పలేదు, టెరటోమా చక్కెరను పీల్చదు కాబట్టి. టెరటోమాకు కీమో పనిచేయదు. అది నెమ్మదిగా పెరిగి పక్కనున్న రక్తనాళాలను, మూత్రనాళాన్ని నొక్కుతుంది, కొన్నేళ్లకు మొండి క్యాన్సర్‌గా మారవచ్చు. కీమో నడుస్తుండగానే మార్కర్లు పడిపోతూ గడ్డ పెరుగుతుంటే అదీ టెరటోమానే అయ్యుండొచ్చు. మందు మార్చడం కాదు, సర్జన్‌ను పిలవడం దానికి జవాబు.

మహాధమనినీ మహాసిరనూ అంటిపెట్టుకున్న బిళ్లలను ఒలిచి తీసే ఈ ఆపరేషన్ చిన్నది కాదు. ఏటా ఇలాంటివి చేసే చోటే చేయించాలి, దాని కోసం వేలూరో చెన్నైయో వెళ్లాల్సి వచ్చినా వెనకాడకూడదు. వీర్యం బయటికి వచ్చేలా చూసే నరాలు అక్కడే ఉంటాయి, వాటిని కాపాడటం వీలవుతుందా అని ముందే అడగాలి.

సెమినోమాలో పద్ధతి వేరు. 3 సెంటీమీటర్ల లోపు మిగిలితే చూస్తూ ఉంటే చాలు. అంతకు మించితే కీమో ముగిసిన కనీసం రెండు నెలలకు పెట్ స్కాన్. తొందరపడి తీస్తే కీమో మిగిల్చిన వాపుకే వెలిగి తప్పుదారి పట్టిస్తుంది. పెట్‌లో వెలిగిందంటే జబ్బేనని తీర్మానించకూడదు, మన దగ్గర టీబీ కూడా అలాగే వెలుగుతుంది. కొన్ని వారాలకు మళ్లీ తీయడమో, ముక్క తీసి చూడటమో చేయాలి.

ఆడపిల్లల్లో

అండాశయాల్లోనూ ఇవే కణుతులు టీనేజీలో, ఇరవైల్లో వస్తాయి. పొట్ట వేగంగా పెరుగుతుంది, నొప్పి, కొన్నిసార్లు మెలిపడి అత్యవసర ఆపరేషన్. పెళ్లికాని పిల్లకు హెచ్‌సీజీ పెరిగి గర్భపరీక్ష పాజిటివ్ వస్తే ఇంట్లో గొడవలు పెట్టుకునే ముందు స్కాన్ చేయించండి. ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒక్కటే. జబ్బు పాకినా సరే, గర్భసంచినీ బాగున్న రెండో అండాశయాన్నీ సాధారణంగా తీయనక్కర్లేదు. ఒకవైపు తీసి బీఈపీ ఇస్తే నయమై, తర్వాత పిల్లలు పుట్టే అవకాశం నిలుస్తుంది. పెద్దవయసు అండాశయ క్యాన్సర్‌కు చేసినట్టు అంతా తీసేయడం ఈ వయసు పిల్లకు అన్యాయం. కాబట్టి ఇరవై ఏళ్ల అమ్మాయికి అండాశయంలో గట్టి గడ్డ అంటే, కోతకు ముందే ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ పంపాలి.

తిరగబెడితే

ఆట అయిపోలేదు. పాక్లిటాక్సెల్, ఐఫాస్ఫమైడ్, సిస్‌ప్లాటిన్ కలిపిన టీఐపీ కోర్సు ఒక దారి. రోగి మూలకణాలను ముందే సేకరించి దాచి, చాలా ఎక్కువ మోతాదు కీమో ఇచ్చి, వాటిని తిరిగి ఎక్కించడం ఇంకో దారి. రెండింటితోనూ మళ్లీ నయమయ్యేవాళ్లు ఉన్నారు. రెండేళ్లు దాటాక తిరగబెట్టే జబ్బు కీమోకు లొంగడం తక్కువ, దానికి తీయగలిగితే ఆపరేషనే ముందు.

ఎక్కడికి వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కలవాళ్లకు దూరం పెద్ద అడ్డంకి కాదు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల సాయంతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022 మే నెలలో మొదలైంది. చిత్తూరు, పలమనేరు వైపువాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. ఎక్కడైనా సరే, మొదలుపెట్టిన చోటే సైకిళ్లన్నీ పూర్తి చేయాలి. బెంగళూరులో ఒకటి, ఊళ్లో ఒకటి అని చీలిస్తే రోజులూ మోతాదులూ రెండూ తప్పుతాయి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్లు మొదటి రోజే పథకం కౌంటర్‌లో రోగులకు సాయం చేయడానికి ఉండే మిత్ర అనే ఉద్యోగిని కూర్చోబెట్టి అడగాలి: ఏ సైకిళ్లకు అనుమతి వచ్చింది, మార్కర్లు అందులో ఉన్నాయా, ఫిల్‌గ్రాస్టిమ్ ఉందా, మిగిలిన గడ్డ ఆపరేషన్ వేరే అనుమతా? అనుమతి కాగితం ఆలస్యమై సైకిల్ జరగకుండా వారం ముందే వెంటపడాలి.

ఫైలులో ఉండాల్సినవి: వృషణం తీసిన ఆపరేషన్ నోట్, బయాప్సీ రిపోర్టుతోపాటు ఆ ముక్కను దాచిన మైనపు బ్లాకులు, తేదీలతో మార్కర్లన్నీ ఒకే కాగితం మీద, స్కాన్ సీడీలు, ప్రతి సైకిల్‌లో ఎక్కించిన మోతాదు. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు బ్లాకులు లేకపోతే మళ్లీ వెనక్కి రావాల్సి వస్తుంది.

ఆ తర్వాతి సంవత్సరాలు

మొదటి రెండేళ్లు మార్కర్లు రెండు మూడు నెలలకోసారి, స్కాన్‌లు డాక్టరు చెప్పిన ప్రకారం, తర్వాత ఎడం పెరుగుతూ కనీసం ఐదేళ్లు. నయమైన కుర్రాడు ఉద్యోగానికి శ్రీసిటీకో హైదరాబాద్‌కో వెళ్లగానే ఈ రాకపోకలు తెగిపోతుంటాయి. తెగనివ్వకూడదు. రెండో వృషణంలో కూడా జబ్బు వచ్చే అవకాశం నూటికి రెండు వరకు ఉంది కాబట్టి నెలకోసారి స్నానం చేసేటప్పుడు చేత్తో చూసుకోవాలి. నీరసం, కోరిక తగ్గడం ఉంటే టెస్టోస్టెరాన్ పరీక్ష. చెవుల్లో హోరు, వేళ్ల చివర్ల తిమ్మిరి కొంతమందిలో మిగిలిపోతాయి. బీపీ, కొలెస్ట్రాల్, గుండె జబ్బులు మామూలు కన్నా ముందే రావచ్చు, ముప్పైల నుంచే చూపించుకోవాలి. పిల్లల కోసం ప్రయత్నం కీమో ముగిసిన ఏడాది తర్వాతే.

బ్లియోమైసిన్ తీసుకున్నవాళ్లు మరో సంగతి ఎప్పటికీ గుర్తుపెట్టుకోవాలి. పదేళ్ల తర్వాత అపెండిక్స్‌కో, విరిగిన ఎముకకో ఆపరేషన్ అవసరమైతే, ఆ సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. ఎక్కువ గాఢత ఆక్సిజన్ ఆ ఊపిరితిత్తులకు హాని చేయవచ్చు, చెబితే అవసరమైనంతే ఇచ్చి జాగ్రత్త పడతారు. పాత డిశ్చార్జ్ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే సరిపోతుంది.